ఒళ్ళు పట్టే హస్తవాసి

కిందటి సంచికలో ఖాతాలకు నామినీ పేరు రాయించడం గురించి చెప్పినప్పుడు, బరంపురం నుంచి ఒక సోదరి "ఎప్పుడూ లెక్కలేనా, కాస్త ఒంటికి పట్టే విషయం రాయండి" అని ఉత్తరం రాశారు. సరే, ఈసారి ఒళ్ళు పట్టించుకోవడం గురించే రాస్తున్నాను.

మా అబ్బాయి ఉద్యోగం బ్యాంకాక్‌లో. కిందటేడు నేనూ మా ఆవిడా పదిహేను రోజులు వాడి దగ్గర ఉండి వచ్చాం. ముప్పై ఏళ్ళు మొదట లెడ్జర్ల మీదా, తర్వాత కంప్యూటర్ ముందూ వంగిన మెడ నాది. వంటింట్లో నిలబడి నిలబడి నొప్పులు తెచ్చుకున్న మోకాళ్ళు ఆవిడవి. థాయ్ మసాజు చేయించుకుని వస్తామంటే మా ఆఫీసులో కుర్రాళ్ళు ముసిముసిగా నవ్వారు. వాళ్ళను తప్పు పట్టలేను. ఆ పేరు బోర్డు మీద పెట్టుకుని వేరే వ్యాపారం చేసేవాళ్ళు అక్కడా ఉన్నారు, మన ఊళ్ళలోనూ ఉన్నారు. అందుకే సంసారులు ఆ గుమ్మం తొక్కడానికి జంకుతారు.

అసలు విద్య మాత్రం గుడిలో ఉన్నది. బ్యాంకాక్‌లో రాజభవనం పక్కనే వాట్ ఫో అనే బౌద్ధాలయం ఉంది. 46 మీటర్ల పొడవున పవళించిన బుద్ధుణ్ణి చూడటానికి అందరూ వెళ్ళేది అక్కడికే. 1824 నుంచి 1851 దాకా పాలించిన మూడవ రామ రాజు ఈ గుడిని బాగుచేయిస్తూ, వైద్యం, మర్దన వంటి విద్యలను రాతి పలకల మీద చెక్కించి గోడలకు పెట్టించాడు. ఆ పలకలను 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. 1955 నుంచి ఆ గుడి ఆధ్వర్యంలోనే మసాజు పాఠశాల నడుస్తోంది. "నువాద్ థాయ్" అని వాళ్ళు పిలుచుకునే ఈ విద్యకు 2019లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది.

మనకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటుంది. ఈ విద్యకు ఆదిగురువుగా వాళ్ళు కొలిచేది బుద్ధుడి కాలంలో రాజగృహంలో ఉన్న వైద్యుడు జీవకుణ్ణి. ఒంట్లో పది ముఖ్యమైన నాడులున్నాయంటారు. వాటిలో మూడింటి పేర్లు ఇత్థా, పింగఖలా, సుమనా. మన ఇడ, పింగళ, సుషుమ్న వినబడుతున్నాయి కదూ!

సంప్రదాయ పద్ధతిలో నూనె రాయరు, బట్టలు విప్పించరు. వదులైన నూలు చొక్కా, పైజామా ఇచ్చి, నేల మీద పరుపుపై పడుకోబెట్టి, బొటనవేళ్ళతో, అరచేతులతో, ఒక్కోసారి మోచేతితో, పాదంతో నొక్కుతారు, సాగదీస్తారు. రాజుల కోటలో చేసే పద్ధతిలో మాత్రం చేతులే వాడేవారట.

ఇక మంచి చోటు వెతకడం ఎలా? హోటళ్ళలోని స్పాలలో గంటకు రెండు మూడు వేల బాట్‌లు అడుగుతారు. ఒక బాట్ మన రెండున్నర రూపాయల పైమాటే. సందుల్లో సొంతంగా నడుపుకునే చిన్న అంగళ్ళలో గంటకు 250 నుంచి 400 బాట్‌ల దాకా ఉంటుంది. తేడా సొమ్ము ఎటు పోతోందని అడగడం నా వృత్తి ధర్మం. చాలావరకు పాలరాతికీ పూలకుండీలకీ పోతుంది, చేతికి కాదు. అలాగని అన్నిటికన్నా చవకైన చోటికి పరుగెత్తమని నేననను. చాలా అంగళ్ళలో పనిచేసేవారికి జీతం ఉండదు, చేసిన గంటకు ఇంత అని వాటా. ధర మరీ తక్కువైతే ఆ వాటా చిక్కిపోతుంది, చేతిలో తొందర మొదలవుతుంది.

ఫోన్‌లో కనబడే నక్షత్రాల కంటే నేను వీధిలో నిలబడి చూసుకున్నవే పనికొచ్చాయి. ధరల పట్టిక బయటే ఉందా, వీధిలోంచి లోపల కుర్చీలు కనబడుతున్నాయా, ఆ పేటలోని ముసలమ్మలు వస్తున్నారా అని చూశాను. అమ్మాయిల్ని గుమ్మంలో నిలబెట్టి దారిన పోయేవాళ్ళను పిలిపించే చోట ఆగనేలేదు. 2016లో వచ్చిన థాయ్ చట్టం ప్రకారం మసాజు కేంద్రానికి లైసెన్సు ఉండాలి, చేసేవారు శిక్షణ పొంది పేరు నమోదు చేయించుకోవాలి. మామూలుగా 150 గంటల శిక్షణ అది. లైసెన్సు కౌంటర్ దగ్గరే పటం కట్టి ఉంటుంది.

మొదట ఒక పెద్ద భవనంలోని స్పాకి వెళ్ళాం. నీళ్ళలో తేలే పూలు, నిమ్మగడ్డి టీ, వీణలాంటి సంగీతం, అన్నీ ఉన్నాయి. ఒంట్లో ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగలేదు. లేచి వచ్చేశాం. మర్నాడు అబ్బాయి ఉండే ఆన్ నట్ ప్రాంతంలో ఆరు పరుపులున్న చిన్న అంగడికి వెళ్ళాం. యజమానురాలికి అరవై ఏళ్ళుంటాయి. రక్తపోటు, ఆపరేషన్లు, వాడే మందులు అడుగుతూ ఒక కాగితం ఇచ్చింది. మా ఆవిడ రక్తపోటు మాత్ర వాడుతున్నట్టు రాయగానే కౌంటర్ కింద నుంచి బి.పి. మిషన్ తీసింది. 170 మీద 100! ఆవిడ చేతులు జోడించి, "ఇవాళ వద్దు, ముందు డాక్టరుకు చూపించండి" అన్నది. కాళ్ళ వరకైనా చెయ్యమంటే ఒప్పుకోలేదు. ఆ వేళ అంగడిలో ఇంకో బేరం లేదు. అయినా 350 బాట్‌లు వదులుకుంది.

అడిగినవాడికి అప్పు లేదని చెప్పగల మేనేజర్లను నా సర్వీసులో వేళ్ళ మీద లెక్కపెట్టాను. వాళ్ళ వరుసలో ఈమెను చేర్చాను. డాక్టరు మాత్ర మార్చారు. ఐదో రోజున 136 మీద 84. అప్పుడు గంటసేపు చేసింది, మెడా మోకాలి చిప్పా ముట్టుకోకుండా. పిక్కలకూ నడుముకూ మూలికల మూటతో కాపడం పెట్టింది. ఆ రాత్రి ఆవిడ హాయిగా నిద్రపోయింది. అరిగిన మోకాలు మళ్ళీ పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

నా మెడ సంగతి చూపులేనివారు నడిపే ఒక కేంద్రంలో తేలింది. నేనేమీ చెప్పకముందే ఆయన బొటనవేలు నేరుగా కుడి భుజం మీది ముడి దగ్గరికి వెళ్ళి ఆగింది. మెడ విరవవద్దని మాత్రం ముందే చెప్పాను. మీరూ చెప్పండి. రక్తం పల్చబడే మందులు వాడేవారు, ఎముకలు గుల్లబారినవారు, కాలి నరాలు ఉబ్బినవారు, గర్భిణులు డాక్టరును అడగందే వెళ్ళకూడదు. మధుమేహంతో పాదాలు తిమ్మిరెక్కినవారు వేడి కాపడం అసలు పెట్టించుకోవద్దు, కాలినా తెలియదు.

ఆడవారు ఆడవారే చెయ్యాలని ముందుగా అడగవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. మెల్లగా నొక్కమనడానికి "బావ్ బావ్" అనాలి. మా ఆవిడ "బావా బావా" అంది, పని జరిగిపోయింది. నేను పక్క పరుపు మీద పలికానుగానీ ఎవరూ పట్టించుకోలేదు. అయ్యాక 50 నుంచి 100 బాట్‌లు పెట్టెలో వెయ్యకుండా చేసిన మనిషి చేతికే ఇవ్వండి. వాట్ ఫోకి వెళ్ళేవారు మెట్రోలో సనమ్ చాయ్ స్టేషన్‌లో దిగితే నడిచే దూరం. మసాజుకయితే ఉదయం పూటే వెళ్ళండి, భోజనం కాకముందు.