మైలేజీ లెక్క గుట్ట దారికి పనికిరాదు

మొదటి ఎలక్ట్రిక్ బండి కొంటానని ఎవరైనా అన్నారంటే చుట్టూ ఉన్నవాళ్లు అడిగేది ఒక్కటే: ‘ఒకసారి చార్జ్ పెడితే ఎంత దూరం పోతుంది?’ తార్రోడ్డు మీద ధర్మవరం పోయొచ్చేవాడు అడగాల్సిన ప్రశ్నే అది. పుట్టపర్తి చుట్టూ ఉన్న గుట్టల్లో, వంకల్లో, బుక్కపట్నం వైపు చేలగట్ల వెంట తిరగాలనుకునేవాడిని మాత్రం అది దారి తప్పిస్తుంది. ఎక్కువ మైలేజీ, ఎక్కువ పవర్, లావు టైర్లు ఉంటే ఎక్కడికైనా పోవచ్చన్న నమ్మకం షోరూముల్లో పుట్టింది, యూట్యూబులో పెరిగింది. ఈ నేల దానికి తెలియదు.

నేనైతే ముందు ఇంకోటి అడుగుతాను. బ్యాటరీ అయిపోయిన చోటు నుంచి ఆ బండిని మీరొక్కరే నెట్టుకుంటూ ఊరికి తేగలరా?

పాత అనంతపురం జిల్లాలో ఏడాది వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. చిత్రావతి ఏట్లో నీళ్లకంటే ఇసుకనే ఎక్కువ రోజులు చూస్తాం. ఏరు దాటితే ఎర్ర గరుసు, ఆపైన నున్నటి బండలు. ఇసుకలో చక్రం దిగబడుతుంది, గరుసు వాలులో ముందు చక్రం జారుతుంది. కొత్తగా తొక్కేవాడు పడతాడు. పడటం తప్పు కాదు, పడ్డ బండిని లేపలేకపోవడమే కష్టం. బెంగళూరు కంపెనీ అల్ట్రావయొలెట్ 2025 మార్చిలో షాక్‌వేవ్ అనే బండిని ప్రకటించింది. బరువు 120 కిలోలు, బ్యాటరీ 4 కిలోవాట్ అవర్లు, ఐడీసీ (ఇండియన్ డ్రైవింగ్ సైకిల్) పరీక్ష లెక్కన మైలేజీ 165 కిలోమీటర్లు. మోటార్‌సైకిళ్లలో అది తేలికే, బాగున్న బండే. కానీ ఎండిన వంకలో అడ్డం పడ్డ 120 కిలోలను ఒంటరిగా ఒడ్డుకెక్కించడం మొదటి ఏడాది విద్య కాదు. ఆ 165 కూడా ప్రయోగశాలలో రోలర్ల మీద తేల్చిన అంకె. రోలర్ల మీద ఇసుక ఉండదు.

అందుకే మొదటి బండిగా తేలికైన ఎలక్ట్రిక్ సైకిలే మేలంటాను. మామూలు లెక్క చూద్దాం. 65 కిలోల మనిషి 23 కిలోల ఎలక్ట్రిక్ సైకిల్ మీద 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి కావలసింది సుమారు 24 వాట్ అవర్లు. మోటారు వేడికి, గరుసు గుంజుడికి రెట్టింపు వేసుకున్నా 50. 36 వోల్టుల 10 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 360 ఉంటాయి, పైగా కాళ్లు కూడా పనిచేస్తాయి. పొద్దున్నే రెండు మూడు గుట్టలెక్కి దిగడానికి చాలదా? బరువు పెరిగితే పెద్ద బ్యాటరీ కావాలి, పెద్ద బ్యాటరీ పెడితే బరువు పెరుగుతుంది. ఈ సుడిలో దిగకపోవడమే మేలు.

‘పల్లెల్లో చార్జింగ్ స్టేషన్లు ఎక్కడున్నాయి, అందుకే మైలేజీ’ అంటారు. ఊడదీసుకునే బ్యాటరీకి స్టేషన్ ఎందుకు? రెండు ఆంపియర్ల చార్జరు లాగే కరెంటు ఒక ఫ్యానంత. టీకొట్టు ప్లగ్గు చాలు, మొత్తం నింపినా అర యూనిట్ దాటదు. అసలు భయపడాల్సింది ఎండకి. లిథియం సెల్స్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. మే నెల మధ్యాహ్నం బండ మీద నిలబెట్టిన బ్యాటరీ గాలికంటే వేడిగా ఉంటుంది. ఇంటికి రాగానే రేకుల షెడ్డులో ప్లగ్గు పెట్టేవాళ్లు బ్యాటరీని తామే చంపుకుంటున్నారు. నీడన చల్లారనిచ్చి రాత్రి పెట్టుకోండి.

ఇక లావు టైర్లు. నాలుగంగుళాల టైరు అలాస్కా మంచులో పేరు తెచ్చుకుంది. చిత్రావతి ఇసుకలో కాస్త పనికొస్తుంది, మిగతా దారంతా బరువే. ఇక్కడ అసలు శత్రువులు పల్లేరు కాయ, సర్కారు తుమ్మ ముల్లు. అమెరికా పడమటి రాష్ట్రాల సైకిలిస్టులు తిట్టుకునేదీ ఈ పల్లేరునే. వాళ్లు టైరులో ముల్లు రంధ్రాలు పూడ్చే సీలెంట్ పోసుకుంటారు. మన ఎండకు అది త్వరగా ఆరిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి చూసి పోయాలి. నాలుగంగుళాల ట్యూబు మీ ఊరి సైకిల్ షాపులో ఉందేమో కొనకముందే అడగండి. రెండంగుళాల పైచిలుకు టైరు, డిస్క్ బ్రేకులు, గేర్లు ఉంటే చాలు. డబ్బుంటే పెడల్స్ దగ్గర మోటారున్నది తీసుకోండి, అది గేర్ల సాయంతో ఎక్కుతుంది. వెనక చక్రంలో మోటారున్నది నిటారు ఎక్కుడులో నెమ్మదిస్తే వేడెక్కుతుంది. దానికి చిన్న గేరులో కాళ్లతో సాయం పట్టాలి.

చట్టం సంగతి దుకాణంలో సగమే చెబుతారు. మోటారు 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉండి, పరీక్షా సంస్థ ఆమోదం పొందిన ఎలక్ట్రిక్ సైకిల్‌కు రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. ‘ఆఫ్‌రోడ్‌కు మాత్రమే’ అని అమ్మే నంబర్ లేని డర్ట్ బైకును ఊరి రోడ్డెక్కించకూడదు. ఇంటి నుంచి గుట్ట దాకా ఉన్నది రోడ్డే కదా, ప్రతిసారీ టాటా ఏస్ మాట్లాడుకోవాల్సిందే. ఆ బాడుగను కూడా బండి ధరలో కలిపి చూడండి.