భోజనం మన వంతు, వనం వాళ్ళ వంతా?

కార్తీకమాసం దగ్గర పడుతోందంటే మా ఇంట్లో రెండు ప్రశ్నలు వినబడతాయి. "ఈసారి వనభోజనాలకు ఎక్కడికి?" అన్నది మొదటిది. "పులిహోర చేస్తావుగా?" అన్నది రెండోది. మొదటి ప్రశ్న ఇంట్లో అందరికీ. రెండోది మాత్రం నాకొక్కదానికే!

తిరుపతి చుట్టుపక్కల ఉండేవాళ్ళకు మొదటి ప్రశ్నకి జవాబు చాలాసార్లు తలకోనే. ఊరికి సుమారు 60 కిలోమీటర్లు. శేషాచలం కొండల్లో 270 అడుగుల ఎత్తు నుంచి దూకే జలపాతం, దిగువన సిద్ధేశ్వరస్వామి గుడి. 1989లో ప్రకటించిన శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కులోది ఈ అడవి. 2010లో ఈ కొండల్ని బయోస్ఫియర్ రిజర్వుగా కూడా గుర్తించారు. మన ఎర్రచందనం తనంత తాను పెరిగే నేల ఇది. ఈశాన్య రుతుపవనాల వానలు ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి, కార్తీకంలో జలపాతం నిండుగా ఉంటుంది.

ఇవన్నీ నేను చదివి తెలుసుకున్న సంగతులే సుమా! ఎందుకంటే తలకోనకి రెండుసార్లు వెళ్ళి కూడా నేను జలపాతం చూడలేదు. నవ్వకండి, నిజం.

మొదటిసారి పెళ్ళైన కొత్తలో. తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర, దద్దోజనం, గారెలు చేసి, గిన్నెలన్నీ సర్ది వ్యాను ఎక్కాం. అక్కడ దిగగానే అందరూ జలపాతం వైపు బయలుదేరారు. "సామాను దగ్గర ఎవరైనా ఉండాలి, కోతులున్నాయి" అన్నారెవరో. ఆ 'ఎవరైనా' ఎవరని ఎవరూ అడగలేదు. కొత్తకోడలు ఉండగా అడగడం ఎందుకు?

రెండోసారి చేతిలో చంటిపిల్ల. పాలు కాచడం, గుడ్డలు మార్చడం, విస్తళ్ళు వేయడం. అప్పుడు మా అత్తయ్య కూడా నాతోనే ఉండిపోయింది. "గుడికి ఎన్నిసార్లు వచ్చానో లెక్కలేదమ్మా. పైకి మాత్రం పోలేదు. ఎప్పుడూ ఏదో ఒక పని" అంది. ఆవిడ చాలా మామూలుగా అన్న ఆ మాట నాకు గుండెల్లో గుచ్చుకుంది. నలభై ఏళ్ళుగా అడవికి వస్తూ ఆవిడ చూసింది గిన్నెల్ని!

పోయిన కార్తీకంలో నేను మొండికేశాను. ఒక రాత్రి అక్కడే ఉండేలా గదులు తీసుకుందామన్నాను. భోజనం కూడా అక్కడే చెప్పేద్దామన్నాను. "వనభోజనమంటే ఇంటి వంటే కదా?" అన్నారు మావారు. "ఆ మాటలో భోజనం కంటే ముందు వనం ఉంది, చూడండి" అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, తన సంచీ తనే సర్దుకున్నారు. అది నా మొదటి విజయం.

సామాను కాపలా వంతులవారీగా అనుకున్నాం. మొదటి వంతు మావారిదీ, మరిదిదీ. అత్తయ్య చేతికర్రతో, నేను ఆవిడ చెయ్యి పట్టుకుని బయలుదేరాం. దోవలో గిల్లతీగ కనిపించింది. ఏనుగు తొండమంత లావున చెట్టు నుంచి చెట్టుకి మెలికలు తిరిగి, బారెడు పొడుగు కాయలతో! జలపాతం దగ్గర ఓ రాతి మీద కూర్చుని అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఇన్నేళ్ళూ దీని సంగతి వినడమే. మొహం ఇప్పుడు చూశాను."

మేం తిరిగొచ్చేసరికి అరటిపళ్ళ గెలలో సగం కోతుల పాలైంది. మగవాళ్ళ కాపలా అలాగే ఉంటుందని సరిపెట్టుకున్నాం.

ఆ రాత్రి గది బయట చీకట్లో కూర్చున్నాం. ఈ అడవిలో దేవాంగపిల్లి ఉంటుందనీ, రాత్రిళ్ళే తిరుగుతుందనీ చదివాను. కనబడలేదు. అయినా దానికోసం ఎదురుచూస్తూ కూర్చోవడమే బాగుంది. పాలు పొంగడం కోసమో, కుక్కరు కూత కోసమో కాకుండా ఇంకొకదాని కోసం నేను ఎదురుచూసి ఎన్నేళ్ళయిందో!

వంట చేయడం తప్పని నేననడం లేదు. పదిమందికి వండి వడ్డించడంలో ఉన్న తృప్తి నాకూ తెలుసు. కానీ ఆటవిడుపు రోజున కూడా వంటిల్లు మన వెనకాలే రావాలా? వచ్చినా, దాన్ని మోసే భుజాలు నలుగురివీ కావద్దా? వండాలనిపిస్తే ఒక్క పులిహోర చేసుకుందాం. చింతపండు పిసకడం, గిన్నెలు తోమడం ఇంట్లో మగపిల్లలకీ నేర్పుదాం.

ఇది అడవికీ మంచిదే. సామాను తగ్గితే చెత్త తగ్గుతుంది. ప్లాస్టిక్ కవర్లూ, మిగిలిన అన్నమూ పారేసి కోతులకి మనుషుల తిండి మరిపింది మనమే. అడవిలో పొయ్యి వెలిగించాలన్న సరదా అసలే వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇలాంటి అడవులకి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడాన్ని నిషేధించింది.

ఇంకో మాట. పేరెందుకు గానీ, మేం వెళ్ళిన మరో వనవిహార స్థలంలో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. నేనూ, మా అమ్మాయీ సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగకుండా గడిపాం. పిల్లలకి ఉయ్యాలలూ, ఫోటోలకి బొమ్మలూ కట్టే ముందు నీళ్ళున్న మరుగుదొడ్డి కట్టండని అడగడానికి మనం సిగ్గుపడకూడదు. మనకి బయట తిరిగే హక్కు ఉందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

మళ్ళీ కార్తీకం వస్తోంది. మొన్న ఉదయం కాఫీ తాగుతూ మా అత్తయ్యే అడిగింది, "ఈసారి ఎక్కడికి పోదామే?" అని.

పులిహోర ఊసు మాత్రం ఎత్తలేదు.