తుంటి కీలునకు లెక్క యేది?

సంతలో ఎద్దును కొనువాడు పండ్లు లెక్కించి, సుడులు చూచి, నాలుగడుగులు నడిపించి గాని బేరము కుదుర్చుకొనడు. అట్టివాడే తన శరీరమున యావజ్జీవము నిలువవలసిన కృత్రిమపు కీలును గూర్చి ఒక్క ప్రశ్నయైన నడుగక శస్త్రచికిత్సకు ఒప్పుకొనుచున్నాడు. ఇందుకు అతనిని నిందింపరాదు. అడిగినచో నిశ్చయముగా చెప్పుటకు వలయు లెక్కలు మన దేశమున లేవు.

చెడిన తుంటికీలును తొలగించి, గిన్నెను, బంతిని, తొడయెముకలోనికి దిగు కాడను అమర్చు చికిత్స మంచమెక్కినవారిని నడిపించిన మహోపకారము. ఇంగ్లండులోని రైటింగ్‌టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ మొదట వాడిన టెఫ్లాను గిన్నెలు కొలది యేండ్లకే అరిగిపోయినవి. 1962లో ఆయన గట్టి పాలిథీను గిన్నెను చేపట్టిన పిదపనే ఈ చికిత్స స్థిరపడినది. నున్నని వస్తువెల్ల మనుష్యుని నడకకు ఓర్చునది కాదనియు, ఆ సంగతి కాలమే చెప్పవలయుననియు నాడే తేలినది.

కాలము చెప్పుదానిని వ్రాసి యుంచువారు కావలయును గదా! స్వీడను దేశము 1979 నుండియు, ఆస్ట్రేలియా 1999 నుండియు, ఇంగ్లండు వేల్సులు 2003 నుండియు ఈ పని చేయుచున్నవి. ఎవరికి ఏ కీలు అమర్చిరి, ఎన్నేండ్లకు దానిని మార్చవలసి వచ్చెను అనునదే ఆ పట్టికల సారము. పదియేండ్లలో నూటికి ఐదింటికి మించి మార్చవలసిరాని కీళ్లే వాడదగినవని ఇంగ్లండులో 2014లో ప్రమాణ మేర్పరచిరి. ఆస్ట్రేలియా, ఫిన్లండు పట్టికలను బట్టి, నూటికి సుమారు 58 కీళ్లు ఇరువదియైదేండ్లు నిలుచునని 2019లో లాన్సెట్ పత్రిక ప్రకటించినది.

పట్టిక లేనిచో నేమగునో డెప్యూయి కంపెనీవారి ఏ.ఎస్.ఆర్. కీలు మనకు నేర్పినది. దాని బంతియు గిన్నెయు రెండును లోహమే. అవి ఒరసికొనగా కోబాల్టు, క్రోమియములు రక్తమున చేరి, చుట్టునున్న కండను చెరచినవి. ఐదేండ్లలోనే నూటికి పండ్రెండు పదుమూడు మందికి మరల శస్త్రచికిత్స తప్పలేదని ఇంగ్లండు పట్టిక చూపెను. ఆస్ట్రేలియాలో 2009 చివరను, 2010 ఆగస్టులో ప్రపంచమంతటను ఆ సరుకును వెనుకకు తీసికొనిరి. మన దేశమున సుమారు 4,700 శస్త్రచికిత్సలు జరుగగా, 3,600 మందికి పైగా రోగుల జాడయే తెలియలేదని ప్రభుత్వ నిపుణుల సంఘము 2018లో తెలిపినది. పరిహారము మాట యటుండనిండు. మీ దేహమున విషము చేరుచున్నదని చెప్పుటకైనను వారి చిరునామా లేకపోయెను!

విదేశముల పట్టికలుండగా మనకు వేరొకటి యేల యని కొందరడుగవచ్చును. అచ్చట ఈ చికిత్స పొందువారిలో అధికులు కీలు అరిగిన వృద్ధులు. మన యొద్దనో, ఎముక తలకు రక్తప్రసారము నిలిచిపోయి నడివయస్సు రాకముందే కీలు చెడినవారు పెక్కుమంది. వృద్ధుని పెళుసు ఎముకకు సిమెంటుతో బిగించిన కాడ మేలు. యువకునకు అరుగుదలయే ప్రధాన ప్రశ్న. నేలపై కూర్చుండి లేచు మనవారి కీలునకు ఏమగునో స్వీడను పట్టిక యెట్లు చెప్పగలదు? పట్టిక యేదియు ఒక్క వ్యక్తి భవిష్యత్తును చూపు జాతకము కాదు. అతనివంటి వేయిమందికి ఏమి జరిగెనో అది చూపును. వైద్యుడు ఊహను విడిచి నిర్ణయించుటకు అంతమాత్రము చాలును.

మన శస్త్రవైద్యుల సంఘము స్వచ్ఛందముగా ఒక పట్టికను నడుపుట ప్రశంసనీయము. కాని ఇష్టమైనవారు ఇష్టమైనవే వ్రాయుచోట చెడినవి వెనుకబడుట సహజము. వైద్యపరికరముల దుష్ఫలితములను తెలిసికొనుటకు ప్రభుత్వము 2015లో ఒక పథకమును నెలకొల్పినది. అమర్చిన వెన్నో తెలియక చెడిన వెన్నియో తెలిసినను దాని నుండి నిష్పత్తి తేలదు.

కావున ప్రతి ఆసుపత్రియు ప్రతి కీలును పట్టికలో చేర్చునట్లు శాసనము చేయవలయును. కీలు పేరును, సంఖ్యయు గల చీటిని ప్రతి రోగి చేతికీయవలయును. ఏ కీలు ఎంతకాలము నిలుచుచున్నదో ఏటేట ప్రజలకు వెల్లడింపవలయును. ఇది కోట్లు కుమ్మరింపవలసిన పని కాదు. లెక్క వ్రాయు శ్రద్ధయు, దానిని దాచకుండు ధైర్యమును చాలును. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట మన కొకసారి అనుభవమైనది. అది రెండవసారి జరిగినచో ఆ దోషము కంపెనీలది మాత్రమే కాజాలదు.