మాటల మూట: పెద్ద చిన్నాన్న, చిన్న పెదనాన్న

గత సంచికలో సంధుల గొడవ ముచ్చటించుకున్నాం కదా, ఈ ఉగాదికి విశేషణాల వంతు. మొన్న పిల్లల తెలుగు తరగతి అయ్యాక ఒకావిడ అడిగారు: “నేను ‘రెడ్ బిగ్ బస్’ అంటే మా పాప పడీపడీ నవ్వుతోంది. ‘బిగ్ రెడ్ బస్’ అనాలిట. ఎందుకండీ?”

పాపకు ఎవరూ నేర్పలేదు. మనం మాత్రం రేమండ్ మర్ఫీగారి నీలం అట్ట పుస్తకం ముందేసుకుని వల్లెవేశాం: ముందు మన అభిప్రాయం, ఆ తర్వాత పరిమాణం, వయసు, రంగు, పుట్టిన చోటు, చివరికి దేనితో చేశారో. 1985లో దాన్ని వేసింది మన ఊరి కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్సే. 2002లో అదే ప్రెస్ అచ్చువేసిన హడిల్‌స్టన్, పుల్లమ్ గార్ల పెద్ద వ్యాకరణం కాస్త ఊరటనిస్తుంది. పరిమాణం, రంగు వగైరాల వరస ఇనుప కట్టడి కాదు, వాడుకలోని మొగ్గు అంతే. నాలుగు పెద్ద బస్సుల్లో ఎర్రదాన్ని వేరుచేసి చూపాలంటే ‘రెడ్’ ముందుకు రావచ్చు.

ఆక్స్‌ఫర్డ్ ఆయనే అయినా టోల్కీన్ సంగతి చెప్పక తప్పదు. ఏడేళ్ళప్పుడు కథలో ‘గ్రీన్ గ్రేట్ డ్రాగన్’ అని రాస్తే, ‘గ్రేట్ గ్రీన్’ అనాలని తల్లి దిద్దిందట. ఎందుకో తనకింకా అంతుబట్టలేదని 1955లో కవి ఆడెన్‌కు ఉత్తరం రాశారు.

నిజానికి ఈ వరసలో సగం మనకు వచ్చిందే. ‘కొత్త పట్టుచీర’ అంటాం గాని ‘పట్టు కొత్త చీర’ అనం. వస్తువు దేనితో అయిందో ఆ మాట నామవాచకాన్ని అంటిపెట్టుకుంటుంది. రంగు దగ్గర మాత్రం మనకు స్వేచ్ఛ ఎక్కువ. ‘ఎర్రటి పెద్ద బొట్టు’ అన్నా ఎవరూ తప్పుపట్టరు. వరస తప్పితే మహా అయితే చెవికి ఎబ్బెట్టు.

ఒక్కచోట మాత్రం మనిషే మారిపోతాడు. మేం ఇంట్లో లేనప్పుడు ఊరి నుంచి ఫోనొస్తే మా అబ్బాయి ఎత్తి, ‘చిన్న పెదనాన్నకి గుండెపోటు’ అని చీటీ రాసిపెట్టాడు. గుండె దడదడలాడుతూ విజయవాడకు చేస్తే, ఫోనెత్తింది చిన్న పెదనాన్నే! గుంటూరు ఆస్పత్రిలో ఉన్నది పెద్ద చిన్నాన్న. నా పైచదువుకు అరెకరం అమ్మిన మనిషి. మా వాడికి ఆయన ముఖం తెలుసు, వరసే తెలియదు. దేవుడి దయవల్ల కోలుకున్నారు.

‘నాన్న’కు ఆనుకున్న మాట ఆయన నాన్నకు అన్నో తమ్ముడో చెబుతుంది, దాని ముందున్నది ఆ అన్నల్లోనో తమ్ముళ్ళలోనో పెద్దో చిన్నో చెబుతుంది. ఈ లెక్క చెప్పగానే మా వాడు కాగితం తీసుకుని మా నాన్నగారి ఆరుగురు అన్నదమ్ములనూ వరసన నిలబెట్టాడు. ఇంగ్లీషులో అందరూ అంకుల్సే కదా, అక్కడ ఈ తంటా లేదు, ఈ వివరమూ లేదు.

మా అమ్మ వైపు పెద్ద పిన్ని, చిన్న పెద్దమ్మ ఇద్దరూ ఉన్నారు. మీ ఇళ్ళలోని జంటలను రాసి పంపండి, దీపావళి సంచికలో వేద్దాం.