ఎవరికి తెలియని కూర?

ఎక్కువమందికి తెలియని సంప్రదాయ వంటలని పుస్తకాలేస్తున్నారు, టీవీల్లో చూపిస్తున్నారు. కృష్ణా జిల్లా పేరొచ్చేసరికి ఉలవచారు, గోంగూర పచ్చడి, బందరు లడ్డు. అయ్యా, తెలియనివంటున్నారు సరే, ఎవరికి తెలియనివి? కాలవగట్టు పక్కన గూడేనికి గూడెం తిని బతికిన కూర మీ పుస్తకంలో లేకపోతే అది లేనట్టేనా? మాకు తెలుసు. గాలివాటున వాసన వూళ్లోకొచ్చినప్పుడు మీకూ తెలుసు. తెలిసే ముక్కు మూసుకున్నారు.

ఎండు తునకల సంగతి చెప్తాను, రాసుకోండి. పెద్దకూర తెచ్చిన రోజు కొవ్వులేని కండని మా అమ్మ వేరే తీసేది. కత్తిపీట ముందు కూర్చుని, ఎక్కడా తెగకుండా తాడులాగా పొడుగ్గా కోసేది. అది చేతనయినవాళ్లు మా గూడెంలో నలుగురైదుగురే. ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేసేది. కాకుల్ని తోలడం పిల్లల పని. మంచి ఎండలు నాలుగు తగిలితే కర్రల్లాగా బిగుసుకునేవి. కుండలో పెట్టి మూతికి గుడ్డ కడితే వానాకాలం దాకా వుండేవి. నాట్లయిపోయి కోతలు రాని రోజుల్లో, చేతిలో కూలి లేనప్పుడు, నిప్పుల మీద కాల్చి, రోట్లో నలగ్గొట్టి, వేణ్ణీళ్లలో నానేసి గోంగూరతో వండేది. మనిషికి రెండు ముక్కలొచ్చినా కూరంతా ఆ రుచే. ఫ్రిజ్జు లేని కొంపలో మాంసాన్ని నెలల తరబడి నిలవుంచడం విద్య కాదా? దక్షిణాఫ్రికాలో ఇలాంటిదాన్నే బిల్టాంగ్ అంటారు, ఆండీస్ కొండల్లో చార్కీ అంటారు. బోటీ కూరకి ఫ్రాన్సులో కాన్ అనే వూరి పేరు తగిలించి గొప్పగా వడ్డిస్తారు. సముద్రం దాటి వస్తే సంప్రదాయం, గూడెం దాటి వస్తే నీచు!

మీ ఉలవచారు సంగతీ చెప్పుకుందాం. ఉలవలుడకేసి గింజలు ఎద్దులకి పెట్టి, ఆ నీళ్లు కాచుకున్న చారది. దానికి విజయవాడ హోటళ్లలో ఎంత మర్యాదో చూడండి. ఎద్దు దాణా వుడికిన నీళ్లు గొప్ప, ఎద్దుని తిన్నవాడు మైల.

బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. డెల్టా అంతా అన్నపూర్ణ అన్నారు. ధాన్యం గాదెలకి పోయింది, మాకు గంజీ పరిగె గింజలూ మిగిలాయి. అందుకే మా కూరలన్నీ గట్ల మీదవే, బోదెల్లోవే. నత్తలు, పొలం పీతలు, మట్టగిడసలు, వేసవిలో కాలవలు కట్టేస్తే బురదలో దొరికే జెల్లలు. యానాదులు కలుగులు తవ్వి ఎలకల్నీ, అవి దాచుకున్న వడ్లనీ తెచ్చుకునేవాళ్లు. ఎలక దాచినదాంట్లో వాటా తీసుకోవాల్సిన అన్నపూర్ణ ఇది! తర్వాత పురుగుమందులొచ్చి ఆ నత్తల్నీ పీతల్నీ కూడా మాక్కాకుండా చేశాయి.

ఇవన్నీ ఎందుకు బయటపెడతావని మనవాళ్లే కొందరంటారు. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమనలేదా, ఒంగోలులో క్లౌ దొర కూడా అదే చెప్పలేదా అని. చెప్పారు. కానీ అంబేద్కర్ కాదన్నది దేన్ని? చచ్చిన గొడ్డుని ఈడ్చే వెట్టిని, దానికి కూలీలాగా పారేసిన మాంసాన్ని. అమ్మ కూలి డబ్బు పెట్టి కొనుక్కొచ్చిన కూరకీ దానికీ ముడెట్లా పెడతారు? ఒకప్పుడు బ్రాహ్మలూ గొడ్డుమాంసం తిన్నారని 1948లో 'ది అన్‌టచబుల్స్'లో వాదించిందీ ఆయనే. ఆ పేజీలు కూడా చదవండి.

ఇదే విజయవాడలో 1972లో నాస్తిక కేంద్రం గోరా గొడ్డుమాంసం, పందిమాంసం అందరి ముందూ కలిసి తినే కార్యక్రమం పెట్టారు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో పిల్లలు పెద్దకూర పండగ చేసుకుంటే గొడవలయ్యాయి. నలభై ఏళ్లలో మీ కడుపులెంత సున్నితమయ్యాయో!

విజయవాడలో అద్దెల్లు వెతుక్కునేవాడికి ఈ సున్నితం బాగా తెలుసు. కులం అడగరు, అడిగితే బాగుండదు కదా. "మీరేం తింటారండీ?" అంటారు. ఒకావిడ నన్నట్లాగే అడిగింది. "అన్నీ తింటామమ్మా" అన్నాను. "అన్నీ అంటే?" అంది. చెప్పాను. ఇల్లు నిన్ననే వేరేవాళ్లకి ఖాయమయిపోయిందంది. టూలెట్ బోర్డు మాత్రం నెల తర్వాత కూడా అట్లాగే వేలాడుతోంది.

మరాఠీలో షాహూ పటోళే 2015లోనే మహర్, మాంగ్ కులాల వంటల మీద పుస్తకం రాశాడు. మనమూ రాయాలి. కాలేజీల్లో చదివే పిల్లలు సెలవులకి ఇంటికి పోయినప్పుడు నాయనమ్మల దగ్గర కూర్చోండి. నెత్తురు గడ్డకట్టాక ఎట్లా వండుతారో, బోటీ కడగడానికి ఎన్ని నీళ్లు కావాలో, ఆ నీళ్లు ఏ బావి దగ్గర తోడనిచ్చారో, ఎక్కడ తోడనివ్వలేదో, అన్నీ అడిగి రాయండి. తొందరగా వెళ్లండి. కండని తెగకుండా కోసే చేతులు మా గూడెంలో ఇప్పుడు రెండే వున్నాయి, ఆవిడకీ చూపు ఆనడం లేదు.