ఎర్తు లేని ఇల్లు.. రక్ష లేని బతుకు

* ఫ్యూజు, ఎంసీబీలు కాపాడేది తీగలను మాత్రమే
* మనిషికి రక్ష ఎర్తింగ్, ఆర్‌సీసీబీలే
* కొత్త ఇళ్ళ నిర్మాణ వేళ పరీక్షలు తప్పనిసరి కావాలి

కోహీర్: చలికాలం వచ్చిందంటే రాష్ట్రంలోని కనిష్ఠ ఉష్ణోగ్రతల పట్టికలో కోహీర్ పేరు తరచూ ముందు వరుసలో కనిపిస్తుంది. తెల్లవారుజామున వణికించే చలిలో వేడినీళ్ళ కోసం ఒకప్పుడు కట్టెల పొయ్యి రాజేసేవారు. ఇప్పుడు ఆ స్థానంలోకి హీటర్ కడ్డీ వచ్చింది. ఇనుప బకెట్టులో కడ్డీ వేసి, ప్లగ్గును సాకెట్టులో గుచ్చి, నీళ్ళు కాగాయో లేదోనని వేలు ముంచి చూడటం పలు ఇళ్ళలో నిత్యకృత్యం. ఆ ప్లగ్గుకున్న మూడో పిన్ను, అది కలవవలసిన మూడో తీగ, ఆ తీగ చేరవలసిన మట్టి.. ఈ మూడింటి సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ప్రాణం నిలిచేదీ, పోయేదీ తేలేది అక్కడే.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2019, 2020, 2021 సంవత్సరాల్లో విద్యుదాఘాతంతో దేశంలో ఏటా 12 వేల మందికి పైగా మరణించారు. 2022 జూలైలో కామారెడ్డి పట్టణంలో బట్టలు ఆరవేసే తీగకు కరెంటు ప్రసరించి దంపతులు, వారి ఇద్దరు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఒకరిని కాపాడబోయి మరొకరు బలయ్యారు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది మృత్యువాత పడ్డారు. దానికి విద్యుత్ లోపమే కారణమని ప్రాథమికంగా భావించారు. ఒకటి విద్యుదాఘాతం, మరొకటి అగ్నిప్రమాదం. రెండూ జరిగింది ఇళ్ళలోనే. అయితే ఈ రెండు ప్రమాదాలకు రక్షణ సాధనాలు వేర్వేరు అన్న విషయం అనేకులకు తెలియదు. 'మా ఇంట్లో ఎంసీబీ ఉంది, భయం లేదు' అన్న మాట వెనుక ఉన్నది ఈ అవగాహన లోపమే.

మూడు తీగలు.. మూడు పనులు

ఇంటికి వచ్చే విద్యుత్తు పీడనాన్ని వోల్టేజి అంటారు. మన దేశంలో గృహ వినియోగానికి ఇది 230 వోల్టులు. తీగలో ప్రవహించే విద్యుత్తు పరిమాణాన్ని ఆంపియర్లలో కొలుస్తారు. ఒక పరికరం తీసుకునే శక్తిని వాట్లలో చెబుతారు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు తెలుస్తాయి. 1500 వాట్ల హీటర్ కడ్డీ సుమారు ఆరున్నర ఆంపియర్లు, 3000 వాట్ల గీజరు సుమారు 13 ఆంపియర్లు తీసుకుంటాయి. సెల్‌ఫోన్ ఛార్జరు కోసం ఉద్దేశించిన 6 ఆంపియర్ల సాకెట్టుకు హీటర్ తగిలిస్తే అది ఎందుకు వేడెక్కి, నల్లబడి, కరిగిపోతుందో ఈ లెక్కతో తేటతెల్లమవుతుంది.

కరెంటును మోసుకొచ్చేది ఫేజు తీగ. ఇది సాధారణంగా ఎరుపు, పసుపు లేదా నీలం రంగులో ఉంటుంది. పని ముగించుకున్న కరెంటు తిరిగి వెళ్ళే దారి న్యూట్రల్. దీని రంగు నలుపు. జనం వాడుకలో 'అర్తు'గా పిలిచే ఎర్తు తీగది ఆకుపచ్చ, లేదా ఆకుపచ్చపై పసుపు చార. మొదటి రెండు తీగలు ఉంటే బల్బు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. మూడోది లేకున్నా ఏ పనీ ఆగదు. అందుకే ఇల్లు కట్టేటప్పుడు ఖర్చు తగ్గించుకోవాలనుకున్న వారి దృష్టి ముందుగా దానిమీదే పడుతుంది.

ఎర్తు తీగ పని అంతా పరికరం చెడిపోయినప్పుడే. కూలరు లోపల తీగ పైపొర చిట్లి, ఫేజు దాని ఇనుప తొడుగుకు తాకిందనుకుందాం. ఎర్తు ఉంటే ఆ కరెంటు మట్టిలోకి దిగిపోతుంది. లేకుంటే దాన్ని ముట్టుకున్న మనిషి ఒంటి గుండా దిగుతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను మిగతా రెండింటికంటే పొడవుగా, లావుగా ఉండటానికి కారణం ఇదే. ప్లగ్గు పెట్టేటప్పుడు అది అన్నింటికంటే ముందు తాకాలి, తీసేటప్పుడు అన్నింటికంటే ఆఖరున విడిపోవాలి. సాకెట్టులో దూరడం లేదని ఆ పిన్నును విరగ్గొట్టడం రక్షణను చేజేతులా తుంచివేయడమే.

న్యూట్రల్ తెగిపోయిందని ఎర్తు తీగనే న్యూట్రల్‌గా వాడుకోవడం మరో దురలవాటు. దీపం వెలుగుతుంది గానీ, మట్టికి చేరే ఆ తీగ ఎక్కడైనా ఊడిందంటే ఇంట్లోని ఇనుప తొడుగులన్నింటికీ కరెంటు పాకుతుంది.

ఎంసీబీ ఎవరికి కాపలా?

పాత ఇళ్ళలో పింగాణీ ఫ్యూజులు, కొత్త ఇళ్ళలో ఎంసీబీలు ఉంటాయి. రెండింటి పనీ ఒక్కటే. ఒకే తీగపై పరిమితికి మించి పరికరాలు నడిపితే దాన్ని ఓవర్‌లోడ్ అంటారు. ఫేజు, న్యూట్రల్ నేరుగా తాకితే షార్ట్ సర్క్యూట్. అప్పుడు కరెంటు ఒక్కసారిగా వందల ఆంపియర్లకు చేరుతుంది. ఈ రెండు సందర్భాల్లో తీగ కాలిపోకుండా సరఫరాను తెంచివేయడమే ఫ్యూజు, ఎంసీబీల బాధ్యత. అగ్నిప్రమాదాల నివారణకు ఇవి అత్యవసరం. ఫ్యూజు పదేపదే కొట్టేస్తోందని లావుపాటి రాగి తీగ చుట్టడమంటే కాపలాదారును కట్టివేసి తలుపు తెరిచి పెట్టడమే.

మనిషిని కాపాడటం మాత్రం వీటివల్ల కాదు. శరీరం గుండా 30 మిల్లీ ఆంపియర్లకు, అంటే ఆంపియరులో నూటికి మూడు వంతులకు మించి కరెంటు ప్రవహిస్తే ప్రాణాపాయం మొదలవుతుంది. తడి చేతులతో, ఉత్త కాళ్ళతో నేలపై నిలబడి 230 వోల్టులను తాకిన వ్యక్తి గుండా అంతకు ఎన్నో రెట్లు ప్రవహించవచ్చు. 16 ఆంపియర్లు దాటితేనే స్పందించే ఎంసీబీకి ఇది లెక్కలోకి రాదు. మనిషి కొట్టుకుంటున్నా అది కదలదు.

ఎర్ర నేలలో ఎండిన గుంత

'మాకు ఎర్తింగ్ ఉంది కదా' అనుకునే వారూ ఒకసారి పరిశీలించుకోవలసిన విషయం ఉంది. కోహీర్, జహీరాబాద్ ప్రాంతం బీదర్ పీఠభూమితో కలిసిన ఎర్రటి లాటరైట్ నేల. ఇక్కడి జామ తోటలకు పేరు తెచ్చిన ఈ నేలలో నీరు నిలవదు, త్వరగా ఇంకిపోతుంది. వేసవిలో పైపొరలు పూర్తిగా ఎండిపోతాయి. మట్టి ఎండిన కొద్దీ అది కరెంటును తనలోకి తీసుకోదు. ఈ అడ్డంకినే ఎర్తు నిరోధమంటారు. దాన్ని ఓముల్లో కొలుస్తారు.

ఎండిన గుంతలో ఈ నిరోధం 50 ఓములకు పెరిగిందనుకుందాం. కూలరు తొడుగుకు ఫేజు తాకితే మట్టిలోకి దిగే కరెంటు ఐదు ఆంపియర్లు దాటదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడదు. కూలరు పైకి మామూలుగానే తిరుగుతూ ఉంటుంది. దాని తొడుగుపై మాత్రం దాదాపు పూర్తి వోల్టేజి నిలిచి ఉంటుంది. ఎర్తు ఉండీ లేనట్టే. కూలర్ల వాడకం పెరిగే వేసవిలోనే ఎర్తు గుంత ఎండిపోవడం ఈ ప్రాంతానికి రెట్టింపు ముప్పు.

ఎర్తు బాగుందో లేదో చూసేందుకు ఫేజుకు, ఎర్తుకు మధ్య బల్బు పెట్టి వెలిగించి చూపడం పరిపాటి. ఈ పరీక్ష నమ్మదగింది కాదు. పాతకాలపు 100 వాట్ల బల్బుకు అరఆంపియరు కూడా అక్కరలేదు. 50 ఓముల చెడ్డ ఎర్తు మీదా అది ఇంచుమించు పూర్తి కాంతితోనే వెలుగుతుంది. పైగా ఫేజును తాకుతూ చేసే ఈ పని ప్రమాదకరం. ఎర్తు టెస్టరు పరికరంతో కొలిపించడమే సరైన పద్ధతి.

రెండున్నర మీటర్ల పొడవైన గాల్వనైజ్డ్ ఇనుప గొట్టాన్ని నిలువుగా పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా నింపడం తెలిసిన విధానమే. వేసవిలో క్రమం తప్పకుండా ఆ గుంతలో నీరు పోయాలి. వీలైతే బోరు లేదా స్నానాల గది నీరు పారే చోట, తేమ ఉండే తావునే గుంతకు ఎంచుకోవాలి. గొట్టానికి తీగ బిగించిన బోల్టు తుప్పు పట్టిందేమో ఏటా చూసుకోవాలి.

ఆర్‌సీసీబీ: రెండో కాపలాదారు

మట్టిపై భరోసా లేని చోట మనిషికి అండగా నిలిచేది ఆర్‌సీసీబీ. పాత పేరు ఈఎల్‌సీబీతోనే కొందరు ఎలక్ట్రీషియన్లు దీన్ని ఇప్పటికీ పిలుస్తారు. ఫేజు గుండా వెళ్ళిన కరెంటు, న్యూట్రల్ గుండా తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని ఇది నిరంతరం సరిచూస్తుంది. తేడా వచ్చిందంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. బహుశా ఒక మనిషి ఒంటి గుండానే కావచ్చు. ఇళ్ళకు అనువైన 30 మిల్లీ ఆంపియర్ల రకం, ఆ మేరకు తేడా రాగానే సెకనులో మూడో వంతు గడవకముందే సరఫరాను ఆపివేస్తుంది.

దీనికీ పరిమితులున్నాయి. ఒక చేత్తో ఫేజును, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకుంటే ఇది గుర్తించలేదు. ఓవర్‌లోడ్‌నూ పట్టించుకోదు. కాబట్టి ఎంసీబీతో పాటు ఇది ఉండాలే గానీ, దానికి బదులుగా కాదు. దానిపై ఉండే పరీక్ష మీటను నెలకోసారి నొక్కి చూడాలి. నొక్కగానే సరఫరా ఆగకపోతే మార్చాలి. తరచూ పడిపోతోందని దీన్ని తీసివేయించడం మరీ ప్రమాదకరం. అది పడిపోతోందంటే ఇంట్లో ఎక్కడో లీకేజీ ఉందని హెచ్చరిస్తున్నట్టు. వెతకవలసింది ఆ లీకేజీని.

చట్టం చెబుతున్నదేమిటి?

వినియోగదారుని ప్రాంగణంలో, సరఫరా మొదలయ్యే చోట ఎర్తు టెర్మినల్ ఏర్పాటు చేసి నిర్వహించవలసిన బాధ్యత సరఫరా సంస్థదేనని 1956 నాటి భారత విద్యుత్ నియమావళి పేర్కొంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనలూ అదే చెప్పాయి. వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు మార్చడం వంటి చిన్న పనులు మినహా ఇంటి వైరింగును లైసెన్సు పొందిన గుత్తేదారు చేత, అర్హత పత్రమున్న వారి పర్యవేక్షణలోనే చేయించాలన్నది కూడా నిబంధనే. మీటరు పక్కన ఎర్తు టెర్మినల్ ఎక్కడుందని అడిగే హక్కు ప్రతి వినియోగదారునికీ ఉందన్న మాట. ఆ హక్కు సంగతి తెలియక అడిగేవారు లేరు, అడగనందున చెప్పేవారూ లేరు.

ఇదే అదను

2024 మార్చి 11న ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం కింద సొంత స్థలమున్న పేదలకు రూ. 5 లక్షల సాయం నిర్మాణ దశలను బట్టి విడతలుగా అందుతుంది. ఇంటి నిర్మాణంలో పునాది, గోడలు, స్లాబు అయ్యాక మిగిలిన డబ్బుతోనే వైరింగు సాగుతుంది. అప్పటికి చేతిలో పైకం తరిగిపోతుంది. సన్నపాటి తీగ, చవక సాకెట్టు, గుంత లేని ఎర్తు.. కోత పడేది వీటి మీదే. ఒకసారి గోడలో పూడ్చిన తీగను మార్చాలంటే గోడ పగలగొట్టవలసిందే. అంటే ఇప్పుడు జరిగే పొరపాటు ఒక తరం పాటు ఆ కుటుంబాన్ని వెన్నాడుతుంది.

చివరి విడత విడుదలకు ముందు ఎర్తు నిరోధాన్ని కొలవడం, ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడటం తప్పనిసరి చేస్తే ఈ పొరపాటును మొదట్లోనే అరికట్టవచ్చు. ఒక ఇంటికి ఆర్‌సీసీబీ సాధారణంగా రెండు మూడు వేల రూపాయల పని. రూ. 5 లక్షల్లో అది నూటికి ఒక వంతైనా కాదు. గృహజ్యోతి పథకం 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడే అర్హుల బిల్లు భారాన్ని తీసివేసింది. కరెంటు ఖర్చు తగ్గించిన ప్రభుత్వం కరెంటు ముప్పునూ తగ్గించాలని కోరడం గొంతెమ్మ కోరిక కాబోదు.

గృహస్థులు గుర్తుంచుకోవలసినవి

* దీపాలు, ఫ్యాన్లకు 1.5, సాకెట్లకు 2.5, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మేలు. ఐఎస్‌ఐ ముద్ర చూసి కొనాలి.
* హీటర్ కడ్డీకి 16 ఆంపియర్ల మూడు పిన్నుల సాకెట్టునే వాడాలి. ప్లాస్టిక్ బకెట్టు మంచిది. ప్లగ్గు తీశాకే నీటిని తాకాలి.
* బట్టలు ఆరవేసే దండేనికి ఇనుప తీగకు బదులు నైలాను తాడు కట్టాలి. సర్వీసు తీగకు, రేకులకు దూరంగా ఉంచాలి.
* కూలరులో నీరు పోసేముందు ప్లగ్గు తీసివేయాలి. ముట్టుకుంటే జివ్వుమన్న పరికరాన్ని బాగు చేయించేదాకా వాడరాదు.
* ఎవరికైనా షాక్ తగిలితే ముందు మెయిన్ ఆపాలి. అది వీలుకాకుంటే పొడి కట్టెతో విడదీయాలి. చేత్తో తాకరాదు. ఊపిరి ఆగితే 108కి ఫోన్ చేస్తూనే ఛాతీని లయబద్ధంగా నొక్కాలి.
* వీధిలో తీగ తెగిపడితే దగ్గరకు వెళ్ళకుండా 1912కు సమాచారమివ్వాలి.

వచ్చే చలికాలంలోనూ కోహీర్‌లో తెల్లవారుజామున హీటర్లు వెలుగుతాయి, వేసవిలో కూలర్లు తిరుగుతాయి. ఈలోగా ప్రతి ఇంటి యజమానీ మీటరు దగ్గరకు వెళ్ళి ఆకుపచ్చ తీగ ఎక్కడినుంచి వచ్చి ఎక్కడికి పోతోందో ఒక్కసారి చూస్తే చాలు. అది గోడలోనే ఆగిపోయి, మట్టిని చేరకపోతే ఆ ఇంటికి ఇంకా రక్ష లేదని గ్రహించాలి.