గాడిదకి డ్రాగన్... మా బుజ్జికి కోపం!

వేసవి సెలవులొచ్చాయంటే మా ఇంట్లో రెండు పనులు ఎక్కువవుతాయండీ. ఒకటి ఆవకాయ, రెండోది టీవీ. ఈసారి మా ఆడపడుచు కూతురు బుజ్జి కూడా వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. మధ్యాహ్నం అన్నాలు కాగానే అదీ, ఇంటర్ చదువుతున్న మా వాడూ చాప పరుచుకుని కార్టూన్ సినిమాలు పెట్టుకుంటారు. నేను వెనకాల కూచుని మామిడికాయలు తుడుస్తూనో, వెల్లుల్లి వలుస్తూనో ఓ కన్ను అటు వేసేదాన్ని. చిన్నపిల్లల సినిమాల్లో మనకేం ఉంటుందిలే అనుకునేదాన్ని. ఈ నెల రోజుల్లో ఆ అభిప్రాయం మార్చుకున్నాను. ఎందుకో చెబుతాను, వినండి.

బుజ్జికి ఓ అలవాటుంది. సినిమా మొదలవగానే "అత్తయ్యా, ఆఖర్న ఎవరికి ఎవరితో పెళ్ళవుతుంది?" అని ముందే తేల్చుకోవాలి దానికి. రాజకుమారుడికి రాజకుమారి దొరికితే సరే. ఆ లెక్క తప్పిందో, మూతి ముడుచుకుని కూచుంటుంది.

మొదట 'ష్రెక్' చూశాం. 2001లో వచ్చిన సినిమా. యానిమేషన్ సినిమాలకి విడిగా ఆస్కార్ ఇవ్వడం మొదలెట్టినప్పుడు మొట్టమొదటి బహుమతి దీనికే వచ్చింది. ఆకుపచ్చ రంగులో, చూస్తే జడుసుకునేలా ఉండే ష్రెక్ అనే రాక్షసుడు రాజకుమారి ఫియోనాని కోటలోంచి విడిపించి తెస్తాడు. ఆ అమ్మాయికో శాపం ఉంది. పొద్దు గుంకితే తనూ రాక్షసి రూపంలోకి మారిపోతుంది. నిజమైన ప్రేమ దొరికితే శాపం పోతుందంటారు. ఆఖర్న అందాల బొమ్మగా నిలిచిపోతుందని మనం ఎదురుచూస్తాం. కాదు, రాక్షసి రూపమే నిలుస్తుంది! ష్రెక్ కంటికి అదే అందం. అక్కడికి బుజ్జి ఎలాగో సర్దుకుంది. కానీ ష్రెక్ వెంట తిరిగే వాగుడుకాయ గాడిదకీ, కోటకి కాపలా కాసే డ్రాగన్‌కీ జత కలిపారు చూడండి, అక్కడ మండింది దానికి.

"గాడిదకి డ్రాగనేంటి అత్తయ్యా? ఎక్కడైనా జతేనా అది? నలుగురూ నవ్వరూ?"

ఈ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. వినడమేంటి, వారం కిందట వంటింట్లో మా అత్తయ్యగారు నాతో అన్న మాటలు పొల్లు పోకుండా అవే! తలుపు చాటున పిల్ల ఉందని మేమిద్దరం చూసుకోలేదు.

సంగతేమిటంటే, మా ఆడపడుచుకి ముప్ఫై ఏడేళ్ళు. బుజ్జికి మూడో ఏడు నడుస్తుండగా ఆ అబ్బాయి రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆరేళ్ళుగా విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ పిల్లని పెంచుకుంటోంది. ఆఫీసులో పనిచేసే ఒకాయన పెళ్ళి చేసుకుందామని అడిగాడట. తనకీ ఇష్టమే. ఆ ముక్క మాతో చెప్పడానికి తనకి ఏడాది పట్టింది. ఆయనకిది మొదటి పెళ్ళి. మంచాన పడ్డ తల్లికి చేసుకుంటూ ఉండిపోయాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ తనకంటే రెండేళ్ళు చిన్న, పైగా నాలుగు వేళ్ళు పొట్టి!

"ఎక్కడైనా జతేనా? నలుగురూ నవ్వరూ?" అన్నారు అత్తయ్యగారు. నేనేమన్నా అడ్డు చెప్పానా అంటే అదీ లేదు. పైపెచ్చు "పిల్ల పెద్దదయ్యాక ఆలోచిద్దాంలే అమ్మా" అని ఆడపడుచుకి ఫోన్లో చెప్పిందాన్ని నేనే. మా బంధువుల్లో ఒకాయనకి భార్య పోతే, ఏడాది తిరక్కుండానే "పిల్లల్ని ఎవరు చూస్తారు పాపం" అంటూ సంబంధాలు వెతికినవాళ్ళలో కూడా నేనున్నానండీ. అక్కడేమో పిల్లలున్నారు కాబట్టి పెళ్ళి కావాలి. ఇక్కడేమో పిల్ల ఉంది కాబట్టి వద్దు! ఈ లెక్క ఎంత వంకరో, బుజ్జి నోట ఆ మాట వినేదాకా నాకు తట్టలేదు.

అప్పట్నుంచీ సినిమాలు శ్రద్ధగా చూడ్డం మొదలెట్టాను. ఈ వింత జతలు ఎలా కుదిరాయా అని. చూడగా చూడగా ఇవి రెండు రకాలని తేలింది. దించే ముందు కొత్తిమీర చల్లినట్టు ఆఖర్న చల్లేసేవి కొన్ని. మొదట్నుంచీ సన్నసెగ మీద ఉడికినవి కొన్ని.

చల్లేసిన వాటికి 'జంగిల్ బుక్' చెప్పుకోవచ్చు. 1966 డిసెంబరులో వాల్ట్ డిస్నీ పోయాక, 1967లో విడుదలైంది. సినిమా అంతా మోగ్లీని ఎలాగైనా ఊరికి చేర్చాలని నల్లచిరుత తంటాలు పడుతుంది. నేను రానంటే రానంటాడు వాడు. ఆఖర్న నీళ్ళకొచ్చిన ఓ పిల్ల కావాలని బిందె జారవిడిస్తే, వాడు అది నింపి నెత్తిన పెట్టుకుని ఆ పిల్ల వెనకాలే ఊళ్ళోకి నడిచి వెళ్ళిపోతాడు! చిరుత, ఎలుగుబంటి నోరెళ్ళబెట్టి చూస్తాయి, మనమూ అంతే. 'మడగాస్కర్' రెండో భాగం (2008)లో పెంగ్విన్ల నాయకుడైతే నడుం ఊపే బొమ్మనే పెళ్ళాడేస్తాడు. ఇవి నవ్వుకోవడానికి. పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

అదే సినిమాలో ఇంకో జత ఉంది. జిరాఫీకీ, నీటిఏనుగుకీ! గ్లోరియా అనే ఆ నీటిఏనుగుకి సొంత జాతిలోనే ఒక అందగాడు దొరుకుతాడు. ఈడూ జోడూ అన్నీ కుదిరాయి. "నాలో నీకేం నచ్చింది?" అని అడుగుతుంది గ్లోరియా. పెళ్ళిచూపుల్లో మనమెవరం అడగని ప్రశ్న చూశారా! నువ్వు భారీగా ఉంటావు అన్నమాట తప్ప ఇంకోటి రాదు ఆ మహానుభావుడికి. ఎన్నాళ్ళుగానో మనసులోనే పెట్టుకున్న జిరాఫీ మెల్మన్ మాత్రం తనకి దక్కకపోయినా ఫరవాలేదు, ఆమెని ఎలా చూసుకోవాలో తెలుసుకో అని ఆ అందగాడికే చెప్పి పోతాడు. అది విన్నాక ఏది జతో, ఏది కాదో వేరే చెప్పాలా?

గాడిద సంగతీ అంతే. మొదట ప్రాణభయంతో పొగిడినా, తర్వాత ఇద్దరికీ స్నేహం కుదిరింది. పెళ్ళి జరిగే చర్చి కిటికీ బద్దలుకొట్టుకుని వచ్చి, ఆ దుర్మార్గుడు ఫార్క్వాడ్‌ని మింగి అందర్నీ కాపాడింది డ్రాగనే కదా! 2004లో వచ్చిన రెండో భాగంలో వాళ్ళ పిల్లల్ని కూడా చూపించారు, రెక్కలున్న గాడిదపిల్లల్ని. బుజ్జి వాటిని చూసి ముద్దొచ్చి నవ్వేసింది. కోపం సగం దిగింది.

'ఫ్రోజెన్' (2013)లో దీనికి తిరగేసిన కథ. రాజకుమారి ఆనాకి ఒక రాజకుమారుడు నచ్చి, చూసిన రోజే పెళ్ళి కుదిర్చేసుకుంటుంది. ఇంతకంటే తగిన జత ఉంటుందా అనుకుంటాం. తీరా వాడికి కావలసింది సింహాసనం! ఆఖర్న ఆమె పక్కన నిలబడింది మంచుగడ్డలు అమ్ముకునే కుర్రాడు క్రిస్టాఫ్.

ఇంకో రోజు 'హంచ్‌బ్యాక్ ఆఫ్ నోత్రదామ్' చూశాం. విక్టర్ హ్యూగో 1831లో రాసిన నవలని డిస్నీ వాళ్ళు 1996లో బొమ్మల సినిమా చేశారు. నవల ముగింపులో ఎస్మరాల్డాని ఉరితీస్తారు. పిల్లల సినిమా కాబట్టి ఇందులో బతికించారు. గంటలు కొట్టే గూనివాడు క్వాసిమోడో ఆమెని ప్రాణాలొడ్డి కాపాడతాడు. కానీ ఆఖర్న ఆమె చేతిని అందగాడైన సైన్యాధికారి చేతిలో పెట్టేది కూడా అతనే. ఈసారి బుజ్జి ఏడ్చేసింది.

"మంచివాడు కదా అత్తయ్యా, అతనికెందుకివ్వలేదు?"

"నువ్వే కదుటే జత కుదరాలన్నావు, నలుగురూ నవ్వుతారన్నావు" అన్నాను. ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక "ఆ అమ్మాయికి ఎవరిష్టమో అడగాలి కదా" అంది. దాని మాటకి నాకు జవాబు లేదు. ఎందుకంటే మా ఇంట్లో అందరం అన్నీ అడిగాం, మా ఆడపడుచుని ఆ ఒక్కటీ తప్ప.

మర్నాడు 'రెక్-ఇట్ రాల్ఫ్' పెట్టారు. 2012 నాటిది. వీడియో గేముల లోపల ఉండే బొమ్మల కథ. సుత్తితో విరిగినవన్నీ బాగుచేసే ఫీలిక్స్ అనే పొట్టివాడికీ, ఇంకో ఆటలో సైన్యాన్ని నడిపే కాల్హూన్ అనే నిలువెత్తు సార్జంటమ్మకీ పెళ్ళి. ఆవిడ పక్కన అతను చంటిపిల్లాడిలా ఉంటాడు. ఆవేళ మా అత్తయ్యగారు కూడా కుర్చీలో కూచుని వత్తులు చేసుకుంటున్నారు. పెళ్ళిమంటపంలో సైనికులంతా కిటికీలకేసి తుపాకులు గురిపెట్టి ఉండడం చూసి "పెళ్ళిలో తుపాకులేమిటే?" అన్నారు.

చెప్పాను. "ఆ అమ్మాయికి ఇదివరకు ఒక పెళ్ళి కుదిరిందండీ. సరిగ్గా ముహూర్తం వేళకి రాకాసి పురుగొకటి కిటికీ పగలగొట్టుకొచ్చి పెళ్ళికొడుకుని మింగేసింది. చుట్టుపక్కల కాపలా చూసుకోనిది ఆ ఒక్కరోజేనట. అప్పట్నుంచీ మనసు రాయి చేసుకుంది. ఈసారి అలా జరక్కూడదని కాపలా పెట్టారు" అని.

అత్తయ్యగారి చేతిలో వత్తి ఆగింది. "పోన్లే, ఆ పిల్లకీ ఓ తోడు దొరికింది" అన్నారు. అని నా వంక చూశారు. నేనూ చూశాను. ఆవిడ వత్తుల డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ పిల్ల మనవైపు పుట్టి ఉంటే ఏమనేవాళ్ళమో మీకు తెలుసు, నాకు తెలుసు. నష్టజాతకం అనేవాళ్ళం. మాది రాజమండ్రి అండీ. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించింది మా ఊళ్ళోనే. చిన్నప్పుడు బడిలో బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాం. ఇంట్లో ఆ అవసరం వచ్చేసరికి మాత్రం పిల్ల పెద్దదవ్వాలన్నాం!

ఆఖరి సినిమా 'డెస్పికబుల్ మీ' రెండో భాగం, 2013ది. మినియన్ల సినిమా అంటే మీ పిల్లలు చెబుతారు. ఒకప్పటి దొంగ గ్రూ ముగ్గురు అనాథ పిల్లల్ని పెంచుకుంటుంటాడు. చిన్నది ఆగ్నెస్ మాతృదినోత్సవానికి పద్యం అప్పజెప్పాలి. తల్లి ఎలా ఉంటుందో తెలియని పిల్ల, ఏ భావమూ లేకుండా అప్పజెబుతుంది. గ్రూని మొదట కరెంటు షాకిచ్చి కారు డిక్కీలో పడేసి తీసుకెళ్ళిన లూసీ అనే గూఢచారే ఆఖర్న వాళ్ళకి తల్లిగా వస్తుంది. అదీ 147 సార్లు కలిసి తిరిగాక! పెళ్ళి విందులో నాలుగు మాటలు మాట్లాడేది కూడా ఆగ్నెసే.

సినిమా అయిపోయింది. మా వాడు లేచి వెళ్ళాడు. బుజ్జి నా కొంగు పట్టుకుని అడిగింది.

"అత్తయ్యా, అమ్మ పెళ్ళి చేసుకుంటే నేనెక్కడుంటాను? నాన్న ఫోటో తీసేస్తారా?"

ఇన్నాళ్ళ కోపం వెనకాల ఉన్నది ఇదన్నమాట. గాడిదా కాదు, డ్రాగనూ కాదు. దగ్గరకి తీసుకున్నాను గానీ, జవాబు నేను చెప్పలేదు. అది చెప్పాల్సింది వాళ్ళమ్మ. ఆ రాత్రే ఫోన్ చేసి, ముందు నేనన్న మాటకి క్షమించమన్నాను. "నీకిష్టమేనా అమ్మా?" అని అడిగాను. "ఇష్టమే వదినా" అంది, గొంతు పూడుకుపోయింది. శనివారం రైలెక్కి వచ్చింది. తల్లీకూతుళ్ళు డాబా మీద రెండు గంటలు కూచున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు. కిందికొచ్చాక బుజ్జి మాత్రం తన షరతులు చెప్పింది. నాన్న ఫోటో హాల్లోనే ఉండాలి. స్కూలు మారకూడదు. ఆయన్ని నాన్నా అని పిలవమని ఎవరూ బలవంతం చేయకూడదు. మూడింటికీ సరేనన్నారు.

ఇలాంటి మాటలు మీ ఇంట్లోనూ నడుస్తుంటే నాకు తోచిన రెండు ముక్కలు చెబుతాను. పిల్లలకి బయటివాళ్ళ నోటి నుంచి కాక తల్లే ముందుగా చెప్పాలి. తండ్రి తాలూకు వచ్చిన డబ్బు పిల్ల పేరున విడిగా ఉంచేస్తే రేపు ఎవరికీ మాటరాదు. మా ఆడపడుచుకీ అదే చెప్పాను.

ఆయనతో నేనూ ఫోన్లో మాట్లాడాను. గ్లోరియా ప్రశ్నే అడిగాను, మా పిల్లలో మీకేం నచ్చిందని. కాసేపు ఆలోచించి "కోపమొస్తే మొహం మీదే చెప్తారండీ, వెనకాల ఒక్క మాటనరు" అన్నాడు. మా ఆడపడుచు అచ్చం అంతే. మనిషిని చూసే చెప్పాడు.

అత్తయ్యగారు ఇంకా అవునని నోటితో అనలేదు. నిన్న జాడీకి వాసెన కడుతుంటే పక్కనొచ్చి నిలబడ్డారు. "ఆ అబ్బాయి కారం తింటాడో లేదో కనుక్కోవే. ఈసారి ఆవకాయ ఘాటుగా కుదిరింది" అన్నారు.

ఓ చిన్న జాడీ విడిగా తీసిపెట్టాను. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం!